బుడ్డలకు (వేరుశనగ), టమోటాకు, చీనీకి (బత్తాయి) సముద్రపు నాచు రసం: కొనడం, కలపడం, కొట్టడం

దుకాణంలో సముద్రపు నాచు ద్రావణం చేతికి రాగానే ఎకరాకు ఎంత పోయాలని అడుగుతాం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. అది నాచును పిండి తీసిన పచ్చి రసమా, ఆ రసాన్ని చిక్కబరిచిన ద్రావణమా? పచ్చి రసమైతే లీటరు నీటికి 50 నుంచి 100 మి.లీ. పడుతుంది. చిక్కబరిచినదైతే 2, 3 మి.లీ. చాలు. ఈ రెండూ తారుమారైతే ఒకరి చేలో ఆకుల అంచులు మాడతాయి, ఇంకొకరి చేలో ఉత్త నీళ్లు కొట్టినట్టే ఉంటుంది. మందు మంచిదే అయినా డబ్బు మట్టిపాలవుతుంది.

ఇక్కడ చెబుతున్నదంతా కప్పాఫైకస్ అనే ఉష్ణమండలపు ఎర్ర నాచు నుంచి తీసిన రసం గురించి. చల్లటి సముద్రాల గోధుమ నాచుతో చేసిన నల్లటి ద్రావణాలు, పొడులు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటి తయారీ వేరు, మోతాదు వేరు. లేబుల్ మీద నాచు పేరు చూసుకుని ముందుకు వెళ్లండి.

ముందు ఆ మొక్క సంగతి

కప్పాఫైకస్ అల్వరెజి వెచ్చటి, లోతు తక్కువ సముద్రంలో పెరుగుతుంది. పెన్సిలంత లావున్న కొమ్మలు, పట్టుకుంటే జారుతాయి, వంచితే పుటుక్కున విరుగుతాయి. ఎర్ర నాచుల కుటుంబమే అయినా చూపుకు ఎప్పుడూ ఎర్రగా ఉండదు. ఆకుపచ్చ రకం ఉంది, గోధుమ రంగు రకం ఉంది. నీళ్లలోకి దిగే నీలి, ఆకుపచ్చ వెలుగును పట్టుకునే ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం ఈ కుటుంబానికి గుర్తు.

దీనికి వేరు లేదు. రాయిని పట్టుకోవడానికి ఒక పట్టు ఉంటుంది, అంతే. తిండంతా ఒంటి చర్మంతోనే సముద్రపు నీటి నుంచి పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్న వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. కణాల గోడల్లో క్యారజీనన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. ఐస్‌క్రీములో, చాక్లెట్ పాలలో, టూత్‌పేస్టులో చిక్కదనం కోసం కలిపేది ఇదే. తినుబండారాల పొట్లం మీద ఈ-407 అని కనిపిస్తే అది క్యారజీనన్. పొటాషియం తోడైతే ఈ జిగురు ఇంకా గట్టిగా గడ్డకడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, స్ప్రేయరు నాజిల్ దగ్గర, డ్రిప్ ఫిల్టర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

సముద్రంలో దానంతట అది పెరిగేటప్పుడు సిద్ధబీజాలతో, మూడు దశల జీవితచక్రంతో వంశాన్ని నిలబెట్టుకుంటుంది. సాగులో మాత్రం చెరకు ముచ్చెల్లా ముక్కలు కట్టి పెంచుతారు. ఈ సాగు 1970ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. మన దేశానికి 1984లో భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ తెచ్చింది. ఇప్పుడు తమిళనాడులో రామనాథపురం జిల్లా తీరాన, మండపం చుట్టుపక్కల, వెదురు తెప్పల మీద పెంచుతున్నారు. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు తెప్పకు 20 తాళ్లు, ఒక్కో తాడుకు 20 ముక్కలు, ముక్క 150 గ్రాములు. అంటే 60 కిలోల విత్తనం. 45 రోజులకు సుమారు నాలుగింతలవుతుంది.

అన్నీ ముక్కల నుంచి వచ్చిన మొక్కలే కావడంతో ఒకదానికి తట్టుకోలేని ఎండ, ఉప్పు తగ్గుదల వస్తే అన్నిటికీ తగులుతుంది. కొమ్మలు తెల్లబడి మెత్తబడి విరిగిపోయే జబ్బును అక్కడ ఐస్-ఐస్ అంటారు. 2013-14లో తమిళనాడు తీరంలో పంట పెద్దఎత్తున చచ్చిపోయింది. ఇది పరాయి మొక్క కాబట్టి ఇంకో భయం కూడా ఉంది. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి ఇది పాకినట్టు 2008లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. కాబట్టి సాగు ఎక్కడ చేయాలన్నది జాగ్రత్తగా తేల్చాల్సిన విషయం. ఎకరాకు సీసా చొప్పున మనం వాడే రసం వెనక ఒక తీరం, అక్కడ తెప్పల మీద నడుం వంచి పని చేసే ఆడవాళ్లు ఉన్నారని కూడా తెలిసి ఉండటం మంచిది.

రసంలో ఏముంది, ఏం లేదు

తాజా నాచులో తొంభై శాతం దాకా నీరే. దాన్ని నలిపి పిండితే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు వస్తాయి. పిప్పి క్యారజీనన్ తయారీకి పోతుంది, రసం పొలానికి వస్తుంది. ఈ రెంటినీ ఒకే నాచు నుంచి తీసే పద్ధతి భావనగర్ సంస్థదే.

రసంలో ఉన్నవి: పొటాషియం లవణాలు, కొద్దిగా సూక్ష్మపోషకాలు, మొక్క పెరుగుదలను నడిపే ఆక్సిన్, సైటోకైనిన్, జిబ్బరెలిన్ లాంటి హార్మోన్లు, బెట్టను తట్టుకోవడానికి తోడ్పడే గ్లైసిన్ బీటైన్. హార్మోన్లు లక్షలో వంతుల్లోనే ఉంటాయి. అంత తక్కువే చాలు. ఎక్కువైతే మేలు పోయి ఎదుగుదల కుంగుతుంది. అందుకే 'ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం మంచిది' అనే లెక్క దీనికి పనికిరాదు.

లేనివి: నత్రజని, భాస్వరం చెప్పుకోదగినంత లేవు. కాల్షియం, గంధకం పంటకు సరిపడా లేవు. తిక్కాకు (ఆకుమచ్చ) తెగులును ఆపదు, ఆకుముడత పురుగును చంపదు. ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో బుడ్డలకు తరచూ వస్తుంది. దానికి ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొట్టాలి. నాచు రసం కొట్టి ఎదురుచూస్తే వారం పోతుంది, పచ్చదనం రాదు.

నీటికి బదులుగా కూడా దీన్ని చూడకూడదు. భూమిలో పదును ఉన్నప్పుడు కొడితే మొక్క వేరు, ఆకు బలపడి తర్వాత వచ్చే బెట్టను కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. వాడిపోయిన మొక్కకు కొడితే ఏమీ జరగదు. సాలుకు 550 మి.మీ. అటూఇటూ వాన పడే అనంతపురం లాంటి చోట ఈ తేడానే మొత్తం వ్యవహారం.

కొనేటప్పుడు

2021 ఫిబ్రవరిలో కేంద్రం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయోస్టిమ్యులెంట్ల (మొక్క ఎదుగుదలను ప్రేరేపించే పదార్థాల) కోసం ఆరో షెడ్యూలు చేర్చింది. నాచు రసాలు అందులోకే వస్తాయి. కాబట్టి లేబుల్ మీద బయోస్టిమ్యులెంట్ అన్న మాట, ఏ నాచు, ఎంత శాతం, ఏ పంటకు, ఎంత మోతాదు, తయారీ తేదీ, గడువు, బ్యాచ్ నంబరు ఉండాలి. 'అన్ని పంటలకూ అద్భుతం' అని మాత్రమే రాసి, శాతం రాయని సీసాను వెనక్కి ఇచ్చేయండి. బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే రేపు వ్యవసాయాధికారి దగ్గర ఫిర్యాదుకు ఆధారం ఉండదు.

కప్పాఫైకస్ రసం లేత గోధుమ రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది. సముద్రపు వాసన వేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే పాడైంది. డబ్బా ఉబ్బి ఉంటే లోపల పులుస్తున్నట్టే.

బొగ్గు నలుపులో ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. గాజు గ్లాసులో పావు లీటరు నీళ్లు, అందులో ఒక చెంచా ద్రావణం వేసి, ఇళ్లలో బాత్రూము కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు మూడు చెంచాలు నిదానంగా పోయండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ఆరుబయట. పావుగంటలో అడుగున నల్లటి బురద దిగితే అందులో హ్యూమిక్ ఆమ్లం కలిపారన్నమాట. హ్యూమిక్ ఆమ్లం క్షారంలో కరుగుతుంది, గట్టి ఆమ్లంలో విరిగి కిందకు దిగుతుంది. అది విషమేమీ కాదు, కానీ లేబుల్ మీద రాయకుండా కలిపితే మీరు నాచు ధర పెట్టి వేరే సరుకు కొన్నట్టు.

కలపడం

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇదే.

ముందు నీళ్లు చూడండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, చవుడుగా ఉంటాయి, పీహెచ్ 8 దాటుతుంది. పీహెచ్ కాగితాలు ల్యాబు సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. 200 లీటర్ల డ్రమ్ములో 20 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి బాగా కలిపి, కాగితం ముంచి చూడండి. 6.5 దగ్గరకు వచ్చేదాకా 10 గ్రాముల చొప్పున కలుపుతూ పోండి. ఒకసారి లెక్క తెలిస్తే అదే బోరు నీటికి ఆ కాలమంతా దాదాపు అదే సరిపోతుంది. బోరు నీళ్లు నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలేంత ఉంటే చెరువు నీళ్లో, కుంట నీళ్లో తెచ్చుకోండి. రసంలోనే పొటాషియం ఉప్పుంది, ఉప్పు మీద ఉప్పు పడితే ఆకు మాడుతుంది.

తర్వాత మోతాదు. లేబుల్ 'ఎకరాకు ఇన్ని మి.లీ.' అంటుంది, మనం ట్యాంకుల లెక్కన కొడతాం. మధ్యలో ఈ లెక్క తప్పకూడదు. ఎకరాకు 250 మి.లీ. అని ఉండి, మీరు 16 లీటర్ల ట్యాంకులు పది కొడితే ట్యాంకుకు 25 మి.లీ. లీటరుకు 2.5 మి.లీ. అని ఉంటే ట్యాంకుకు 40 మి.లీ. పచ్చి రసం 5 శాతం కొట్టాలంటే ట్యాంకుకు 800 మి.లీ. మూతతో కొలవకండి. మూతల సైజు కంపెనీకొకటి. మందుల షాపులో ఇచ్చే కొలత గ్లాసు, లేకపోతే ఇంజెక్షన్ సిరంజి వాడండి.

కలిపే వరస: ట్యాంకులో సగం నీళ్లు పోయండి. సీసాను గట్టిగా ఊపండి, అడుగున దిగిన మడ్డిలోనూ సారం ఉంటుంది. కొలిచిన రసాన్ని ఒక బకెట్టు నీటిలో కలిపి, పలుచటి నూలు గుడ్డలో వడకట్టి ట్యాంకులో పోయండి. మిగతా నీళ్లు నింపండి. వడకట్టకపోతే క్యారజీనన్ గడ్డలు నాజిల్‌లో కూచుంటాయి. సూదితో పొడిచి తీస్తే నాజిల్ రంధ్రం పెద్దదై అప్పటి నుంచి అన్ని మందులూ ఎక్కువ పడతాయి. మెత్తటి బ్రష్‌తో, గోరువెచ్చటి నీళ్లతో కడగండి.

పురుగుమందుతో, తెగులు మందుతో కలిపి కొట్టాలనుకుంటే ముందు సీసా పరీక్ష. లీటరు నీటిలో రెండూ అదే నిష్పత్తిలో కలిపి అరగంట ఉంచండి. తెట్టు కట్టినా, ముక్కలు తేలినా, అడుగున తెల్లగా దిగినా కలపకండి. రాగి మందులు, బోర్డో మిశ్రమం, సున్నం గంధకంతో అసలు వద్దు. కాల్షియం నైట్రేట్ ఒకే ట్యాంకులో వద్దు, క్యారజీనన్ గడ్డకట్టడానికి కాల్షియం కూడా తోడ్పడుతుంది. కలిపిన ద్రావణం ఆ పూటకే. రాత్రికి ఉంచితే పులుస్తుంది.

బుడ్డలు

వానాధారం బుడ్డలకు మూడు పిచికారీలు సరిపోతాయి. డబ్బు రెండింటికే ఉంటే మొదటి రెండూ చేయండి.

మొదటిది విత్తిన 25-30 రోజులకు, పూత కనిపించడం మొదలైనప్పుడు. మొక్క చిన్నగా ఉంటుంది కాబట్టి ఎకరాకు ఏడెనిమిది ట్యాంకులు చాలు. రెండోది 45-50 రోజులకు, పూత తర్వాత కిందికి సాగి కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగేటప్పుడు. సాళ్లు దగ్గరపడి ఉంటాయి, పది పన్నెండు ట్యాంకులు పడతాయి. మూడోది 65-70 రోజులకు, కాయ నిండే దశలో. కదిరి-6 లాంటి వంద రోజులు దాటి కోసే రకాలకు ఈ తేదీలు. ఇంకా ఎక్కువ రోజుల రకమైతే తేదీ వదిలేసి మొక్క దశను చూడండి. ఒక మొక్కను పీకి ఊడ మొన చూస్తే తెలుస్తుంది. మొన సూదిలా ఉంటే ఇంకా దిగుతోంది, అడ్డం తిరిగి ఉబ్బితే కాయ కడుతోంది.

మోతాదు చిక్కటి ద్రావణమైతే లేబుల్ చెప్పినంత, పచ్చి రసమైతే 5 నుంచి 7.5 శాతం. పరిశోధన క్షేత్రాల్లో 10, 15 శాతం దాకా కొట్టి మంచి ఫలితాలు చూసిన పంటలున్నాయి, వానాధారం సోయా అందులో ఒకటి. కానీ ఎర్ర నేల, గాలి, ఎండ ఉన్న మన చేలో మొదటిసారే 15 శాతానికి పోకండి. పది మొక్కల మీద కొట్టి మూడు రోజులు చూసి, అంచు మాడకపోతే అప్పుడు పెంచండి.

పదును సంగతి. వాన పడిన రెండు మూడు రోజులకు, చేను పదునుగా, ఆకు విచ్చుకుని ఉన్నప్పుడు కొట్టండి. ఆకాశం చూసి బెట్ట వచ్చేలా ఉందనిపిస్తే ఆ ముందే కొట్టాలి. మధ్యాహ్నం పదకొండుకే ఆకులు ముడుచుకుంటున్నాయంటే ఆలస్యమైంది. ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, పైన మైనం పొర మందమవుతుంది, రసం లోపలికి దిగదు, ఎండకు ఆరి ఉప్పు మరకగా మిగులుతుంది. అప్పుడు ఇంకో వాన దాకా ఆగడమే మేలు. డ్రిప్పో, స్ప్రింక్లరో ఉంటే ఒక తడి ఇచ్చి మర్నాడు కొట్టండి.

ఆషాఢంలో మన అనంతపురం వైపు గాలి జోరు ఎలా ఉంటుందో తెలిసిందే. పొద్దున తొమ్మిది లోపే ముగించండి, సాయంత్రం కొట్టేటట్టయితే నాలుగున్నర దాటాక గాలి తగ్గితేనే. కొట్టిన నాలుగు గంటల్లో గట్టి వాన పడితే కొంత కడుక్కుపోతుంది. వెంటనే మళ్లీ కొట్టకండి, వారం ఆగి సగం మోతాదు ఇవ్వండి.

ఒక హెచ్చరిక. పచ్చి రసాన్ని బుడ్డల మొదళ్లలో పోయడం, ఊడలు దిగే వేళ డ్రిప్‌లో ఎక్కువగా వదలడం చేయకండి. బుడ్డ కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని వేరు నుంచి తెప్పించుకోదు, కాయ చుట్టూ ఉన్న రెండంగుళాల మట్టి నుంచే పీల్చుకుంటుంది. అక్కడ పొటాషియం ఎక్కువైతే కాల్షియానికి పోటీ అవుతుంది. కాయ పైకి బాగుంటుంది, పగలగొడితే లోపల గింజ ఉండదు. లొట్ట కాయలన్నమాట. అందుకే బుడ్డలకు నాచు రసం ఆకు మీదే, నేలలో కాదు. ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మాత్రం మానకూడదు. డబ్బు ఒక్కదానికే ఉంటే జిప్సం కొనండి.

విత్తనాన్ని రసంలో నానబెట్టమని కొందరు చెబుతారు. బుడ్డ విత్తనం మీద పొర పలుచన. నానితే ఉబ్బి పొర ఊడుతుంది, బద్దలు విడిపోతాయి, ఇంక ఆ విత్తనం మొలవదు. విత్తనశుద్ధికి తెగులు మందు, జీవన ఎరువులు ఉన్నాయి, రసాన్ని మొలిచాక వాడుకోవచ్చు. కంది అంతర పంటగా ఉంటే దాని మీద పడినా ఇబ్బంది లేదు.

టమోటా

ట్రేలలో పెంచిన నారును నాటే ముందు, లీటరుకు 2 మి.లీ. చిక్కటి ద్రావణం కలిపిన నీటిలో ట్రేనే పది నిమిషాలు ఉంచండి. వేరు ముద్ద తడిస్తే చాలు. నాటిన 15-20 రోజులకు ఒకసారి, పూత మొదట్లో ఒకసారి, పిందెలు గోలీలంత అయ్యాక ఒకసారి పిచికారీ. పచ్చి రసమైతే టమోటాకు 5 శాతం దాటించకండి.

ఎండాకాలం పంటకు పూత రాలకుండా ఉంటుందని చెప్పి అమ్ముతారు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కగా ఉంటే పుప్పొడే పనిచేయదు. ఆ పూత ఏ రసంతోనూ నిలవదు. అంతకంటే తక్కువ ఎండల్లో కొంత ఉపయోగం ఉంటుంది. కాయ అడుగు నల్లబడి కుళ్లడం కాల్షియం అందకపోవడం వల్ల, తడి ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కావడం వల్ల వస్తుంది. దానికి తడులు సరిచేయాలి. రసంలోని పొటాషియం అక్కడ మేలు చేయకపోగా చెరుపు చేయవచ్చు.

చీనీ తోట

చీనీ ఆకు ఉప్పును ఓర్చుకోలేదు. ముఖ్యంగా క్లోరైడును. కప్పాఫైకస్ రసంలో పొటాషియం చాలావరకు క్లోరైడు రూపంలోనే ఉంటుంది. కాబట్టి చీనీకి పచ్చి రసం వద్దు. చిక్కబరిచిన ద్రావణం లీటరుకు 2 మి.లీ. మించకుండా, మంచి నీటిలో, చల్లటి పూట.

పూత కోసం నీళ్లు ఆపి చెట్లను వాడబెట్టే రోజుల్లో అసలు కొట్టకూడదు. అప్పుడు చెట్టుకు కావాల్సింది విశ్రాంతి. పెరుగుదల హార్మోను ఇస్తే చిగురు వేస్తుంది, పూత చెదిరిపోతుంది. ఎరువు పెట్టి, తడులు ఇచ్చి, కొత్త చిగురుతో పాటు మొగ్గ కనిపించాక మొదటిసారి కొట్టండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక రెండోసారి. పూర్తిగా విచ్చుకున్న పూత మీద వద్దు, తేనెటీగలు తిరిగే వేళ అది. లేత చిగురు మీద ఎగిరే పురుగులు, పేనుబంక, ఆకు తొలిచే పురుగు ఎక్కువగా వస్తాయి కాబట్టి కొట్టిన వారానికి చిగుళ్లు తిప్పి చూడండి.

డ్రిప్‌లో వదిలేటట్టయితే వరస ఇది: ముందు అరగంట ఉత్త నీళ్లు, తర్వాత వడకట్టిన ద్రావణం, చివర 20 నిమిషాలు మళ్లీ ఉత్త నీళ్లు. చివరి నీళ్లు ఎగ్గొడితే క్యారజీనన్, చవుడు నీటిలోని కాల్షియం కలిసి డ్రిప్పర్లలో జిగురు పొర కడతాయి. ఆ రోజే ఫిల్టర్ జాలీ విప్పి కడగండి. నెల తర్వాత చూస్తే ఆ పొర మీద నాచు, మట్టి పేరుకుని ఆమ్లం పెట్టి కడగాల్సి వస్తుంది.

ఎండు నాచు తెచ్చి ఇంట్లో చేసుకోవచ్చా

రామేశ్వరం వైపు నుంచి ఎండు నాచు సంచులు తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. పిచికారీ కోసమైతే ఇది మంచి బేరం కాదు. హార్మోన్లు ఎక్కువగా తాజా నాచు రసంలో ఉంటాయి, ఎండలో ఆరబెట్టి నెలలు నిల్వ ఉంచిన దానిలో చాలావరకు పోతాయి. మిగిలేది ప్రధానంగా ఉప్పు, జిగురు. ఎండు కొమ్మల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది చూడండి, అది బయటికి వచ్చిన పొటాషియం క్లోరైడు, సముద్రపు ఉప్పు.

కషాయంలా ఉడకబెడితే బాగా దిగుతుందనుకోవడం ఇంకో తప్పు. వేడికి క్యారజీనన్ కరుగుతుంది, చల్లారగానే డ్రమ్ములోనే గడ్డకడుతుంది. దాన్ని ఎన్ని నీళ్లు కలిపి కొట్టినా నాజిల్ మూసుకుంటుంది. ఈ గుణాన్నే నాచు గుర్తుపట్టడానికి వాడుకోవచ్చు. 20 గ్రాముల ఎండు నాచును కడిగి, అర లీటరు నీటిలో ముప్పావుగంట ఉడికించి, గుడ్డలో వడకట్టి చల్లార్చండి. జెల్లీలా గట్టిపడితే కప్పాఫైకస్ గానీ దాని బంధువుల్లో ఒకటి గానీ అయ్యుంటుంది. సర్గాసమ్ లాంటి గోధుమ నాచు ఇలా గట్టిపడదు.

ఇప్పటికే తెచ్చుకున్న సరుకు ఉంటే ఇలా చేయండి. తెల్ల పొడి దులిపి, ఒకసారి నీళ్లలో జాడించి, కిలోకు 10 లీటర్ల చల్లటి నీళ్లు పోసి నీడలో ఒక రోజు నాననివ్వండి. రెండో రోజే వడకట్టండి, ఎండాకాలంలో మూడో రోజుకు కంపు కొడుతుంది. ఆ నీటిని ఇరవై రెట్లు నీళ్లు కలిపి కుండీ మొక్కలకు, కొబ్బరి చెట్ల పాదులకు పోసుకోవచ్చు. చీనీకి, బుడ్డల మొదళ్లకు మాత్రం వద్దు. నానిన పిప్పిని ముక్కలు చేసి పశువుల ఎరువు దిబ్బలో పొరలు పొరలుగా వేస్తే తేమ పట్టి ఉంచుతుంది. వానపాముల తొట్టిలో వేయకండి, ఉప్పుకు పాములు చస్తాయి.

ఫలితం తూచి చూడటం

కొట్టిన చేను పచ్చగా కనిపిస్తుంది, కంటికి ఆ పచ్చదనం బాగుంటుంది. కాయ పెరిగిందో లేదో దాన్ని బట్టి చెప్పలేం. చేను మధ్యలో, గట్లకు దూరంగా, ఒకే రకం నేలలో ఆరు సాళ్లు గుర్తుపెట్టి వాటి మీద రసం లేని నీళ్లు మాత్రమే కొట్టండి. ఉత్త నీళ్లు ఎందుకంటే, బెట్ట రోజుల్లో ఆకు మీద పడ్డ నీటికే కొంత గుణం ఉంటుంది, అది రసం ఖాతాలో పడకూడదు. మిగతా ఎరువులు, మందులు రెండు వైపులా ఒకేలా ఉండాలి.

బుడ్డలు పీకే రోజున కొట్టిన చోట ఐదు మచ్చలు, కొట్టని చోట ఐదు మచ్చలు, ఒక్కోటి చదరపు మీటరు, తాడుతో కొలిచి పీకండి. 30 సెం.మీ. సాళ్లలో 10 సెం.మీ.కు ఒకటి చొప్పున మొలిచి ఉంటే చదరపు మీటరుకు 33 మొక్కలు రావాలి. మొక్కల సంఖ్యలో తేడా ఎక్కువుంటే ఆ మచ్చను వదిలి పక్కది తీసుకోండి. కాయలు కోసి, లొట్టలు వేరు చేసి, ఎండబెట్టాక తూచండి. పచ్చి కాయ తూకంలో తేమ తేడా మోసం చేస్తుంది. మచ్చకు 10 గ్రాముల తేడా అంటే ఎకరాకు సుమారు 40 కిలోలు.

ఇప్పుడు ఖర్చు. మందు, కూలి కలిపి మూడు పిచికారీలకు ఎకరాకు 1,500 రూపాయలు అయిందనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే 21 కిలోల ఎండు కాయ అదనంగా వస్తే ఖర్చు తిరిగొచ్చినట్టు. అమ్మిన ధర అంతకంటే తక్కువైతే ఆ ధరతోనే లెక్కేయండి. తేడా 21 కిలోలకు అటూఇటూగా ఊగిసలాడితే వచ్చే ఏడు మూడో పిచికారీ మానేసి, అదే పద్ధతిలో మళ్లీ తూచండి. వానలు సమంగా పడిన ఏడాది తేడా తక్కువగా, మధ్యలో రెండు మూడు వారాల బెట్ట వచ్చిన ఏడాది ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది కాబట్టి, వాన పడిన తేదీలు, పిచికారీ తేదీలు పక్కపక్కనే నోటుబుక్కులో రాసి ఉంచండి.